ఎవరూ ఇవ్వని ఆర్డరు

సర్కారు ఆసుపత్రిలో గవర్నమెంటు మారిన సంగతి రోగులకన్నా ముందు గోడలకు తెలుస్తుంది. ఫలితాలు వచ్చిన వారంలోపే పాత ఫోటోలు దిగుతాయి. పథకాల పేర్ల మీద తెల్లరంగు పడుతుంది. మందుల గది ముందు నిన్నటిదాకా చేతులు జోడించి నవ్విన ఫ్లెక్సీని ఎవరో ఇంటికి పట్టుకుపోయి దాని మీద వడియాలు పెట్టుకుంటారు. ముప్పైమూడేళ్ల సర్వీసులో ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ నవ్వుకున్నాను. ఒక్కసారి మాత్రం నవ్వలేకపోయాను. ఆ ఒక్కసారి సంగతే ఇది.

నర్సింగు చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిలు దీన్ని చదవాలని నా కోరిక. పెద్దావిడ తన గొప్పలు చెప్పుకుంటుందని భయపడకండి. గొప్పలు ఉన్నాయి, కాదనను. గడివేములలో పనిచేసిన రోజుల్లో, సూది వేస్తే నా చేత్తోనే వేయాలని ముసలివాళ్లు మారాం చేసేవాళ్లు. కానీ ఇక్కడ రాస్తున్నది నా తప్పు. అది చేసేటప్పుడు తప్పని తెలియకపోవడమే కాదు, చాలా పద్ధతిగా పనిచేస్తున్నానని అనుకున్నాను కూడా.

నా ఆఖరి పోస్టింగు ఆళ్లగడ్డ వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో, హెడ్ నర్సుగా. ఏ ఆసుపత్రి అని అడగొద్దు. ఇల్లు నంద్యాలలో. రోజూ పొద్దున బస్సెక్కి శిరివెళ్ల మీదుగా పోవడం, సాయంత్రం అదే దారిలో తిరిగి రావడం. మా దగ్గర కాన్పులు జరిగేవి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు జరిగేవి, వద్దనుకున్న గర్భం తీయడమూ జరిగేది. ఈ మూడోది చాటుమాటు పనేమీ కాదు. చట్టం ఒప్పుకున్న వైద్యం. ఇరవై వారాలలోపు ఒక డాక్టరు సరేనంటే చాలు. ఇరవై దాటి ఇరవైనాలుగు దాకా, చట్టం చెప్పిన కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చని అనుకునేదాన్ని.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జనం పిల్లల్ని ఎక్కువగా కంటున్నారని మమ్మల్ని తిట్టేవాళ్లు. ఊరూరా తిరిగి ఆపరేషన్లకు ఆడవాళ్లను తోలుకురాకపోతే మీటింగులో నిలబెట్టి కడిగేసేవాళ్లు. నా ఆఖరి రోజులకు వచ్చేసరికి జనం పిల్లల్ని తక్కువగా కంటున్నారని పెద్దలు వేదికలెక్కి దిగులుపడసాగారు. ఎక్కువైనా తక్కువైనా తిట్లు తినేది మేమే కాబట్టి, ఆ మాటలు విన్నప్పుడు మాకు ఒళ్లు జలదరించేది.

సరే, ఆ ఏడు గవర్నమెంటు మారింది. మా ఓపీ గోడ మీద ఒక పెద్ద బోర్డు ఉండేది. గర్భం తీయించుకోవాలనుకునే ఆడవాళ్లకు ఇక్కడ ఉచితంగా చేస్తారని, వివరాలు ఎవరికీ చెప్పరని, వయసు వచ్చిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలునని దాని మీద రాసి ఉండేది. పైన ఒక మూల పాత నాయకుడి ఫోటో. దాన్ని తుడవడానికి పెయింటర్ భాయ్ వచ్చాడు. ఆయన ఆ చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటికీ బోర్డులు రాసే మనిషి. యాభై దాటినవాడు, మాట కటువు, అక్షరం మాత్రం ముత్యం. ఫోటోతో పాటు ఎండకు పెచ్చులూడిన అక్షరాల మీద కూడా ఒక పూత వేసేసి, నా దగ్గరకు వచ్చి అడిగాడు.

"సిస్టరమ్మా, రాతలు మళ్లా రాయాల్నా? రాయమంటే ఈ పొద్దే రాసేస్తా."

"ఆగు భాయ్. కొత్త గవర్నమెంటు కదా, ఏం రాయమంటారో ఏమో. ఆర్డరు రానీ," అన్నాను.

"ఆర్డరు ఎప్పుడొస్తాది?"

"వస్తుందిలే."

భాయ్ డబ్బా మూతపెట్టి సైకిల్ మీద పోయాడు. నేనూ ఆ సంగతి మరిచిపోయాను. గోడ తెల్లగా ఉండిపోయింది.

పది రోజులకు మా సూపరింటెండెంటు సారు నంద్యాలలో ఏదో రివ్యూ మీటింగుకు పోయి వచ్చారు. మంచి మనిషే, కానీ గుమ్మడికాయల దొంగ అంటే ముందు భుజాలు తడుముకునే రకం. రిటైర్మెంటు దగ్గర పడ్డాక ఆ గుణం మరీ ముదిరింది. నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరకు వేశారు.

"అమ్మా, గర్భాలు తీసే కేసుల్లో ఇంక జాగ్రత్తగా ఉండాల. పైన వాళ్లకు అది నచ్చేట్టు లేదు. మొగుడి సంతకం లేనిదే ఎవరినీ చేర్చుకోవద్దు. రేపు ఎవరన్నా వచ్చి అడిగితే మన మెడకు చుట్టుకుంటాది."

"ఆర్డరు వచ్చిందా సార్?"

"వస్తాదమ్మా. వచ్చేలోపల మనం తప్పు చేయకుండా ఉండాల కదా."

నేను తలూపి బయటికొచ్చాను. ఆ పైన ఇంకో ప్రశ్న వేయలేదు. ఆ నెలలోనే మాకు కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. అదే ఆమెకు మొదటి ఉద్యోగం. నా కూతురు వయసు. మొదటి రోజే నా పక్కన కూర్చుని, "సిస్టర్, ఈ కేసుల్లో ఇక్కడ పద్ధతి ఏంటి?" అని మర్యాదగా అడిగింది. భర్త సంతకం కావాలని చెప్పాను. ఆ పిల్ల నోటుపుస్తకంలో రాసుకుంది. అనుభవం ఉన్న నర్సు చెప్పిందంటే అది నిజమనుకోవడం ఆమె తప్పు కాదు.

మూడు నెలలు గడిచాయి. అంతకు ముందు వారానికి ఒకరిద్దరు వచ్చేవాళ్లు కాస్తా తగ్గిపోయారు. తగ్గారంటే జనంలో మార్పు వచ్చిందేమో అనుకున్నాను. అంత తెలివి నాది.

ఒక సోమవారం రుద్రవరం వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. ఇరవైఎనిమిదేళ్లుంటాయి. చంకలో ఏడాది పిల్ల, వెనకాల అత్త. భర్త రాతి శిల్పి. ఆళ్లగడ్డలో చెక్కిన విగ్రహాలు దేశమంతా పోతాయి కదా, వాటితోపాటు శిల్పులూ పోతారు. ఈమె భర్త కర్ణాటకలో ఒక గుడి పనికి పోయి నెల దాటింది.

"ఎనిమిది వారాలంట మేడం, ఆశా వర్కరు చెప్పింది. నాకు ఇద్దురు పిల్లోళ్లుండారు. రెండూ పెద్దాపరేషన్లే. రెండోదానికప్పుడు కుట్టు పిగిలేట్టుందని, ఇంక కనొద్దని డాక్టరే చెప్పినాడు. చిన్నదానికి ఇంకా నడక రాలే. నాకు ఇది వద్దు మేడం," అంది.

అంత స్పష్టంగా మాట్లాడే ఆడమనిషి నా సర్వీసులో తక్కువ. నేను ఆమెను డాక్టరమ్మ దగ్గరకు పంపలేదు. స్కానింగుకు రాయించలేదు. చీటీ కూడా తీయకుండా గడప దగ్గరే అడిగాను.

"మీ ఆయన ఎక్కడ?"

"గుడి పనికి పోయినాడని చెప్తి కదా. కుంభాభిషేకం అయ్యేదాకా మేస్త్రీ విడిచిపెట్టడు. ఇంకా ఇరవై దినాలు పడతాది."

"ఆయన సంతకం కావాలమ్మా."

అత్త కలగజేసుకుంది. "యాల? కడుపు దాంది కదా. సంతకం అదే పెడతాది. నేను పెడతా, కావాల్నంటే. మావాడు ఫోన్లో చెప్తాడు, నువ్వే మాట్లాడు సిస్టరమ్మా," అంటూ ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

అవతల ఉలి చప్పుళ్లు. అతను గొంతు పెంచి మాట్లాడాడు. "మేడం, దానికి మళ్లా కోత పడితే తట్టుకోలేదు. మీరు చేసేయండి మేడం. నేను ఒప్పుకుంటాండా."

"ఫోన్లో చెబితే చెల్లదప్పా. కాగితం మీద ఉండాల," అన్నాను.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ రోజు ఆ పూజారిని నేనే. ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకుని వెళ్లిపోయింది.

శనివారం మళ్లీ వచ్చింది, ఈసారి ఒక్కతే. భర్త ఒక తెల్ల కాగితం మీద "నా భార్యకు గర్భం తీయుటకు నా సమ్మతి" అని రాసి, సంతకం పెట్టి, దాన్ని ఫోన్లో ఫోటో తీసి పంపాడు. దాన్ని ఆళ్లగడ్డలో జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని తెచ్చింది. కాగితం మూలన అతని బొటనవేలు కూడా ఫోటోలో పడింది. గోటి సందుల్లో రాతి పొడి.

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "జిరాక్సు చెల్లదమ్మా. ఒరిజినల్ కావాల," అన్నాను.

సంతకమన్నది సారు. ఒరిజినల్ అన్న మాట సారు అనలేదు. అది నా సొంత తెలివి. ఆఫీసు పనుల్లో ముప్పై ఏళ్లు ఒరిజినల్, ఒరిజినల్ అని విని విని, నోటికి వచ్చేసింది.

"ఒరిజినల్ యాడిది మేడం? అది ఆడ ఉండాది, నేను ఈడ ఉండా."

"ఎవరితోనైనా పంపమను."

"అది వస్తే చేస్తారా? గట్టిగా చెప్పు."

నేను గట్టిగా చెప్పలేదు. పైగా, "ఒరిజినల్ వచ్చినా డాక్టరమ్మ ఏమంటుందో. ఇప్పుడు కొత్త గవర్నమెంటు కదమ్మా, ఇవన్నీ ఆపేస్తున్నారు, కష్టం," అన్నాను. ఆ మాట కూడా ఎవరూ నాతో చెప్పలేదు. అంతా చెప్పుకుంటున్నారు కదాని నేనూ చెప్పాను.

"ఆపేసినారా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. ఊరికి పోయి అదే చెప్పిందని తర్వాత తెలిసింది.

ఆ తర్వాతి శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంట, ఓపీ అయిపోయి అన్నం డబ్బా మూత తీశాను. బయట ఆటో గట్టిగా బ్రేకు వేసిన చప్పుడు, వెంటనే కేక. పోయి చూస్తే ఆమె. ఆటో సీటు తడిసి కింద ధారగా కారుతోంది. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. రెండు రోజుల కింద ఎవరో తెచ్చిచ్చిన మాత్రలు మింగిందట. ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుని, ఆ పొద్దు పొయ్యి ముందు పడిపోయిందట.

నేనూ డాక్టరమ్మా కలిసి లోపలికి ఎత్తుకుపోయాం. నాడి దొరకడం లేదు. రెండు చేతులకూ సెలైన్ పెట్టాం. మా దగ్గర రక్తం లేదు, నంద్యాలకు తీసుకుపోవాల్సిందే. డాక్టరమ్మ నూట ఎనిమిదికి ఫోన్ చేస్తూ, "ఈమె ముందు ఇక్కడికి వచ్చిందా సిస్టర్?" అని అడిగింది. నేను బదులు చెప్పేలోపు అత్త నా కొంగు పట్టుకుంది. ఆమె చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది.

"ఇదో సిస్టరమ్మా. నువ్వు అడిగింది. ఊరికొచ్చిన ఇంకో శిల్పి చేత పంపినాడు మావాడు. ఈ పొద్దు పొద్దున్నే వచ్చింది. ఒరిజినలే. సూడు. ఇప్పుడన్నా చేయండి తల్లీ."

నేను ఆ కాగితాన్ని తీసుకున్నాను. నీలం ఇంకు సంతకం. దాన్ని కింద పడేశాను. నా ముప్పైమూడేళ్లలో చచ్చినవాళ్లను చూశాను, చంపుకున్నవాళ్లను చూశాను. అంత దిమ్మ తిరగడం ఎప్పుడూ లేదు. ఆ ముసలామెకు నా మీద కోపం కూడా లేదు. సిస్టరమ్మ అడిగింది తెచ్చాను, ఇంక నా కోడలు బతుకుతుందని నమ్ముతోంది.

అంబులెన్సులో నేనే ఎక్కాను. శిరివెళ్ల దాటేదాకా ఆమె కళ్లు మూతలు పడుతుంటే చెంపలు తడుతూనే ఉన్నాను. పిల్లల పేర్లు అడుగుతూ, చెప్పించుకుంటూ పోయాను. ఒక దగ్గర, "మేడం, నువ్వే కదా," అని గుర్తుపట్టింది. "నేనేనమ్మా," అన్నాను.

నంద్యాలలో పెద్దాసుపత్రి గైనిక్ డాక్టరమ్మ నన్ను ముందునుంచీ ఎరుగును. చూసిన ఐదు నిమిషాల్లో థియేటరులోకి తీసుకుపోయింది. రెండున్నర గంటలు పట్టింది. బయటికొచ్చి మాస్కు దించి, ప్రాణం దక్కిందని చెప్పింది. గర్భం పాత ఆపరేషన్ కుట్టు మీదే అతుక్కుని పెరిగిందట. అలాంటిదానికి ఆ మాత్రలు వేస్తే రక్తం ఆగదు. గర్భసంచి తీసేస్తే తప్ప బతకలేదని తీసేశారు.

"మొదటి రోజే స్కాన్ చేసుంటే ఇది కనపడేది. అప్పుడే మా దగ్గరికి పంపుంటే గర్భసంచి కూడా మిగిలేదేమో. ఈమె మీ దగ్గరికి ముందు రాలేదా?" అంది.

"రెండుసార్లు వచ్చింది మేడం."

"మరి?"

"భర్త సంతకం లేదని పంపించేశాను."

డాక్టరమ్మ నన్ను చూసిన చూపు ఏ మెమోలోనూ చూడలేదు. "భర్త సంతకమా? ఏ ఫారంలో ఉంది సిస్టర్, అది?"

"కొత్త గవర్నమెంటు వచ్చాక ఇవన్నీ ఆపేశారు కదా మేడం..."

"ఎవరు ఆపారు? ఈ పొద్దు పొద్దున్నే ఇక్కడ రెండు కేసులు చేశాను. నిన్న ఒకటి. అది ఢిల్లీలో పార్లమెంటు చేసిన చట్టం. మన రాష్ట్రంలో కుర్చీలో ఎవరు కూర్చున్నా అది మారదు. మీకు ఎవరు చెప్పారు?"

ఆ వరండాలో గోడకు చేరగిలబడి నిలబడిపోయాను. మా ఆసుపత్రికి నలభై కిలోమీటర్లు. నేను రోజూ ఇంటికి వచ్చిపోయే ఊరు. ఈ మూడు నెలలూ ఇక్కడ ఏ ఆటంకమూ లేకుండా జరిగిపోతున్న పని, అక్కడ ఆగిపోయిందని నేను ఆడవాళ్లకు చెప్పి పంపుతున్నాను.

మరుసటి రోజు డ్యూటీకి పోయి ముందు బీరువా తెరిచాను. సమ్మతి ఫారాల కట్ట తీసి చదివాను. ఏళ్ల తరబడి నా చేతుల మీదుగా పోయిన ఫారం. ఆమె పేరు, వయసు, ఊరు, ఆమె సంతకం. మైనరైతేనో, మతిస్థిమితం లేకపోతేనో గార్డియన్ సంతకం. భర్త సంతకానికి అందులో జాగా లేదు. జాగాయే లేని సంతకం కోసం కర్ణాటక నుంచి కాగితం తెప్పించాను.

ఫారం పట్టుకుని సారు గదికి పోయాను. "ఆర్డరు చూపించండి సార్," అన్నాను. నా గొంతు అలా లేవడం ఆయన ఎప్పుడూ వినలేదు. ఫైళ్లు తిరగేశారు. గుమాస్తాను పిలిచారు. ఆఖరుకు జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశారు. అవతలి మాట నాకూ వినిపించింది. "ఏం ఆర్డరండీ? మేం ఏమీ ఇవ్వలేదే? ఎందుకు, మీరు చేయడం లేదా?"

సారు ఫోన్ పెట్టేసి నెత్తి పట్టుకున్నారు.

"ఆ మీటింగులో అన్నారమ్మా..."

"ఎవరన్నారు సార్? పైవాళ్లా?"

"కాదు. టీ తాగేటప్పుడు. నా పక్క కుర్చీలో ఆయన. ఎందుకైనా మంచిది, జాగ్రత్తగా ఉండండి అన్నాడు."

"ఆయన ఎవరు?"

"ఏమోనమ్మా. యాడి డాక్టరో."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్క కుర్చీలో ఎవరో జాగ్రత్త అన్నాడు, సారు దానికి మొగుడి సంతకం కలిపారు, నేను ఒరిజినల్ కలిపాను. ఏ గవర్నమెంటూ మమ్మల్ని ఆపమనలేదు. గవర్నమెంటు మారిందంటే ఇలా ఉంటుందేమోనని మాకు మేమే అనుకుని, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాం. కొత్త డాక్టరమ్మకు ఇదంతా చెబితే, నోటుపుస్తకం తీసి తాను రాసుకున్న ఆ లైను మీద గీత కొట్టింది. "మీరు చెప్పారని నేను చట్టం చదవలేదు సిస్టర్," అంది, ఏడుస్తూ.

మర్నాడే భాయ్‌ను పిలిపించి బోర్డు రాయించాం. ఈసారి ఫోటో లేకుండా. ఆయన రాస్తూ అడిగాడు. "ఆర్డరు వచ్చిందా సిస్టరమ్మా?"

"రాలేదు భాయ్. రాయి," అన్నాను.

ఇక్కడితో ఆపితే నేను తప్పు తెలుసుకుని దిద్దుకున్న మనిషినని మీరు అనుకుంటారు. అలా అనుకోకండి. అసలు విషయం ఆమెకు చెప్పాలి కదా. నంద్యాలలో ఆమె పన్నెండు రోజులు ఉంది. మా ఇంటికి కూతవేటు దూరం. పండ్లు తీసుకుని రెండుసార్లు పోయాను, ఎలా ఉందని అడిగాను, వచ్చేశాను. అసలు సంగతి చెప్పలేదు. రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. ఆమె కోర్టుకో పేపరుకో పోతే పెన్షను ఆగిపోతుందని భయం. అంత లేకిగా ఆలోచించాను. గవర్నమెంటు ఆపేసింది కాబట్టే తనకిలా జరిగిందని ఆమె అనుకుంటుంటే, అనుకోనిచ్చాను.

రెండున్నర నెలల తర్వాత ఆమె చెకప్‌కని మా ఆసుపత్రికే వచ్చింది. మనిషి కొంచెం తేరుకుంది. కుట్టు చూసి, బీపీ పట్టీ విప్పుతూ, ఇంక ఆగలేక చెప్పేశాను. ఏ ఆర్డరూ లేదని, చట్టం మారలేదని, మొదటి రోజు ఆమె ఒక్క సంతకంతోనే చేర్చుకుని ఉండాల్సిందని, చేర్చుకోకపోవడం నా తప్పని.

ఆమె పట్టీ కట్టిన చేతిని వెనక్కి తీసుకుంది.

"అయితే ఎవురూ ఆపలేదా?"

"లేదమ్మా."

"నువ్వు ఆపినావా?"

"నేనే."

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆమె చీర సర్దుకుని లేచింది.

"నాకు ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు మేడం? నాది అయిపాయ. మా ఊర్లో ముగ్గురుండారు, కడుపు వద్దనుకున్నోళ్లు. గవర్నమెంటు తీసేసింది, ఆడికి పోవద్దని నేనే చెప్తి. నీ మాట నమ్మి చెప్తి. వాళ్లకు ఎప్పుడు చెప్తావు?"

గోడ మీద బోర్డు రాయిస్తే సరిపోతుందనుకున్నాను. మూసేశారని విన్న ఆసుపత్రికి బోర్డు చదవడానికి ఎవరొస్తారు? అంత మాత్రం కూడా తోచలేదు నాకు.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆమె వెంటే బస్సెక్కాను. ఆ ముగ్గురిలో మొదటామె తనంతట తాను నంద్యాల పోయి, పని చేయించుకుని వచ్చేసింది. నన్ను చూసి, "మీ ఆసుపత్రిని నమ్ముకుంటే అయినట్టే," అని నవ్వింది. రెండో ఆమె మనసు మార్చుకుని ఉంచుకుంది, సంతోషంగానే ఉంది. కాస్త ఊపిరి వచ్చింది.

మూడో ఇల్లు కాలనీ చివర. ఇరవైరెండేళ్ల అమ్మాయి. పెళ్లై ఏడాది. పోలీసు ఉద్యోగానికి రాత పరీక్ష పాసై, పరుగు పరీక్ష కోసం రోజూ తెల్లారి రోడ్డు మీద పరిగెత్తేదట. వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. చూడగానే తెలిసిపోయింది నాకు. అయినా అడిగాను.

"ఎన్ని వారాలమ్మా?"

"ఇరవైమూడు."

కూర్చుని, మొదటినుంచి అంతా చెప్పాను. నీ విషయంలో గడువు ఇరవై వారాలే, అది దాటిపోయిందని కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె పిక్కలు తీస్తూనే ఉంది.

"అంటే నేను మూడో నెలలో వచ్చింటే చేసేవాళ్లా?"

"చేసేవాళ్లం."

"మా ఆయప్ప సంతకం లేకున్నా?"

"లేకున్నా."

చేతిలో చింతపండు పళ్లెంలో పడేసింది.

"అక్క చెప్పినప్పుడు, గవర్నమెంటు ఆపిందంటే నేను నమ్మలే మేడం. పోయి అడగాలనే అనుకున్యా. మొగుడి సంతకం కావాలంటారని అనింది కదా, దానికి ఆగిపోతి. మా ఆయప్ప ఏ గుడి పనికీ పోలేదు. ఈడనే, ఇంట్లోనే ఉండాడు. ఆయప్పకు తెలీకుండా చేయించుకోవాలనే కదా నేను అనుకునింది."